గణన యంత్రాల కథ – 14: సున్నాను గుర్తుపట్టడం

క్రితం భాగంలో ఎనియాక్ దాకా వచ్చాం. ఫిరంగి గుండు ఎంత దూరంలో పడుతుందో చెప్పే పట్టికల కోసం పుట్టిన ఆ యంత్రం సంఖ్యలు తీసుకుని సంఖ్యలే తిరిగి ఇచ్చేది. ఈ భాగం అక్షరాల లెక్కది. బడిలో ‘సూక్ష్మీకరించుము’ అని ఇచ్చే ప్రశ్నను యంత్రం చేత చేయించాలని 1950లలో కొందరు పూనుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే పనే కదా, ఎంతసేపు పడుతుందిలే అనిపిస్తుంది. ఆ పనిలో ఎంత లోతు ఉందో తెలిసేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. దానికి ఒక హద్దు ఉందనీ, ఆ హద్దును ఏ యంత్రమూ ఎప్పటికీ దాటలేదనీ కూడా ఆ ఇరవై ఏళ్లలోనే రుజువైంది.

భాస్కరాచార్యుడి బీజగణితంలో తెలియని రాశి పేరు యావత్తావత్. దాన్ని క్లుప్తంగా ‘యా’ అని రాసేవారు. ఆ ఆనవాయితీనే పట్టుకుని ఈ వ్యాసంలో చరరాశిని ‘య’ అని రాస్తాను.

చంద్రుడి కోసం ఇరవై ఏళ్లు

యంత్రాల కన్నా ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. ఫ్రాన్స్‌కు చెందిన ఖగోళ శాస్త్రవేత్త షార్ల్ యూజెన్ దెలోనే 1840లలో చంద్రుడి గమనాన్ని లెక్కకట్టడం మొదలుపెట్టాడు. చంద్రుణ్ణి భూమి ఒక్కటే లాగితే లెక్క ఎప్పుడో తేలిపోయేది. సూర్యుడూ లాగుతాడు కాబట్టి ఆ దారి ఒక చక్కని దీర్ఘవృత్తంలో ఇమడదు. దెలోనే పట్టిన పట్టు ఏమిటంటే, కక్ష్య వాలు, దాని సాగుడు, సూర్యుడి దూరం లాంటి రాశుల్లో దేనికీ సంఖ్య పెట్టకూడదు. అన్నీ చివరిదాకా అక్షరాలుగానే ఉండాలి. సంఖ్య పెట్టిన మరుక్షణం ఏ ఫలితం ఏ కారణం నుంచి వచ్చిందో కనిపించకుండా పోతుంది. అక్షరాలుగా ఉంచితే సూత్రమే ఆ సంగతి చెబుతుంది.

పదేళ్లు లెక్క చేశాడు, ఇంకో పదేళ్లు దాన్ని సరిచూసుకున్నాడు. ఆ ఫలితం 1860లో ఒకటి, 1867లో ఒకటిగా రెండు సంపుటాలై వెలువడింది. ఒక్కొక్కటి దాదాపు 900 పుటలు. 1872లో షెర్బూర్ దగ్గర పడవ ప్రమాదంలో ఆయన మునిగి చనిపోయాడు. తన లెక్క ఎంతవరకు సరైనదో మరో మనిషి మొత్తంగా తిరగేసి చెప్పే అవకాశం ఆయన బతికుండగా లేదు, ఆ తరువాతా దాదాపు వందేళ్లు లేదు.

1970లో అమెరికాలోని సియాటిల్‌లో, బోయింగ్ సంస్థ పరిశోధనశాలలో, ఆంద్రే దెప్రి, జాక్ హెన్రార్, ఆర్నాల్డ్ రోమ్ అనే ముగ్గురు ఆ లెక్కను కంప్యూటర్‌తో మళ్లీ చేయించారు. సంఖ్యలతో కాదు, దెలోనే చేసినట్టే అక్షరాలతో. దాదాపు ఇరవై గంటల యంత్ర సమయం పట్టింది. ఇరవై ఏళ్ల చేతిపనిలో దొరికిన తప్పులు మూడే మూడు. వాటిలో రెండు మొదటి తప్పు నుంచి పుట్టినవే. నాకు ఈ సంఘటనలో యంత్రం వేగం కన్నా ఆ మనిషి నిష్ఠే ఎక్కువ విస్మయం కలిగిస్తుంది.

అయితే దెలోనే చేతికి తెలిసిన విద్య ఏమిటి? సజాతి పదాలను కలపడం, కొట్టుకుపోయే వాటిని కొట్టేయడం, లెక్కలోకి రానంత చిన్నవాటిని వదిలేయడం, ఎప్పుడు విస్తరించాలో ఎప్పుడు మూటగా ఉంచాలో ఎంచుకోవడం. ఈ ఎంపికలకు ఆయన నియమావళి రాసిపెట్టలేదు. బీజగణితం చేసేవారెవరూ రాసుకోరు. అలవాటు మీద చేతికి వస్తుంది. యంత్రానికి అలవాటు ఉండదు కాబట్టి ఆ నియమాలను ఎవరో ఒకరు మొదటిసారిగా కూర్చుని రాయక తప్పలేదు.

సున్నాలతో నిండిన జవాబులు

1953 మే నెలలో ఒకే విషయం మీద రెండు సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో కహ్రీమానియన్, మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో నోలన్, ఇద్దరూ యంత్రం చేత అవకలనం చేయించారు. సంఖ్యల్లో కాదు, సూత్రాల్లోనే. అవకలన నియమాలు గట్టిగా లెక్కపెడితే పది పన్నెండు ఉంటాయి. కూడికకు ఒకటి, గుణకారానికి ఒకటి, ఘాతానికి ఒకటి. వాటిని యంత్రానికి నేర్పడం కష్టమేమీ కాదు.

చిక్కు జవాబు దగ్గర వచ్చింది. 5య² + 3య అనే సమాసాన్ని నియమాల ప్రకారం తు.చ. తప్పకుండా అవకలనం చేస్తే వచ్చేది ఇది: 0·య² + 5·2·య·1 + 0·య + 3·1. తప్పేమీ లేదు. కానీ మనిషి దీన్ని జవాబు అనడు, 10య + 3 అంటాడు. దీన్నే మళ్లీ రెండోసారి, మూడోసారి అవకలనం చేయిస్తే సున్నాలతో గుణించిన పదాలు, ఒకట్లతో గుణించిన పదాలు పుటలకు పుటలు పేరుకుపోతాయి. అవకలనం సులువు, ఆ వచ్చిన దాన్ని శుభ్రం చేయడమే పని అని అప్పుడు తేలింది.

1958లో జాన్ మెకార్థీ ఎం.ఐ.టి.లో లిస్ప్ భాషను రూపొందించడం మొదలుపెట్టినప్పుడు ఆయన ముందున్న ఉదాహరణల్లో ఇదే అవకలనం ఉంది. సమాసాన్ని పొడుగాటి వరుసగా కాక, జాబితా లోపల జాబితాగా నిలవ చేయాలన్నది ఆయన ఆలోచన. (య + 1)·(య − 1) అంటే ‘గుణకారం’ అనే జాబితా, దాని లోపల ‘కూడిక’, ‘తీసివేత’ అనే రెండు చిన్న జాబితాలు. ఎంత లోతున్న సూత్రమైనా ఈ అమరికలో ఇమిడిపోతుంది. లెక్క మధ్యలో పుట్టి, పనికిరాకుండా పోయిన జాబితాలను యంత్రమే ఏరిపారేసే ఏర్పాటు కూడా ఈ అవసరం నుంచే వచ్చింది. ఈనాడు ఎన్నో భాషలు వాడుకునే ఆ జ్ఞాపక శుద్ధికి మూలం బీజగణితం దగ్గర ఉంది.

1961లో జేమ్స్ స్లాగెల్ అనే పరిశోధక విద్యార్థి, మార్విన్ మిన్‌స్కీ దగ్గర, సమాకలనం చేసే ‘సెయింట్’ అనే ప్రోగ్రాం రాశాడు. 86 లెక్కలు ఇస్తే 84 చేసింది. ఇచ్చిన 86లో 54 లెక్కలు ఎం.ఐ.టి. మొదటి ఏడాది విద్యార్థుల పరీక్ష పత్రాల నుంచి తీసుకున్నవి. 1964లో ఐ.బి.ఎం.లో జీన్ సామెట్ నాయకత్వంలోని బృందం ఫోర్‌ట్రాన్‌కు అక్షరాల లెక్కలు జోడించి ‘ఫార్మాక్’ విడుదల చేసింది. అందులోనూ సగం బుర్ర సూక్ష్మీకరణకే ఖర్చయింది.

భౌతిక శాస్త్రవేత్తల తొందర

ఈ పని గణితజ్ఞుల చేతుల్లోనే ఉండి ఉంటే మెల్లగా సాగేదేమో. తొందరపడింది భౌతిక శాస్త్రవేత్తలు. ఎలక్ట్రాన్ చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఆ అయస్కాంత బలాన్ని సిద్ధాంతం నుంచి రాబట్టాలంటే సవరణ మీద సవరణ లెక్కించాలి. మొదటి సవరణను 1948లో జూలియన్ ష్వింగర్ సాధించాడు. రెండో సవరణను 1950లో కార్‌ప్లస్, క్రోల్ చేతితో లెక్కించి దాని గుణకం −2.973 అని ప్రకటించారు. ఏడేళ్లు లోకం దాన్ని నమ్మింది. 1957లో పీటర్‌మన్, సోమర్‌ఫీల్డ్ విడివిడిగా మళ్లీ లెక్కించి అసలు విలువ −0.328 అని తేల్చారు. సిద్ధాంతంలో తప్పు లేదు. బీజగణితం చేసిన చేయి తప్పింది. దెలోనే లాంటి నిష్ఠాపరుడు శతాబ్దానికి ఒక్కడు పుడతాడు. విజ్ఞానం మాత్రం అలాంటి ఒక్కడి కోసం కాచుకుని కూర్చోలేదు.

ఆ బాధ తెలిసినవాళ్లు ఇద్దరు 1963లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నారు. ఒకరు హాలండ్‌కు చెందిన మార్టినస్ వెల్ట్‌మన్. సెలవు మీద అక్కడికి వచ్చిన ఆయన ‘స్కూన్‌స్కిప్’ అనే ప్రోగ్రాం రాసుకున్నాడు. తరువాత 1999లో నోబెల్ అందుకున్నది ఈయనే. ఇంకొకరు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆంథనీ హెర్న్. మెకార్థీ అప్పటికే స్టాన్‌ఫర్డ్‌కు మారాడు. ఆయన మాట మీద హెర్న్ లిస్ప్ పట్టుకున్నాడు. అలా మొదలైన ‘రెడ్యూస్’ 1968లో అందరి చేతికీ వచ్చింది. ఎలక్ట్రాన్ అయస్కాంత బలంలో మూడో సవరణకు 72 చిత్రాలు (ఒక్కో చిత్రం ఒక్కో పొడుగాటి సమాకలనానికి గుర్తు) లెక్కించాలి. దాని పూర్తి సూత్రాన్ని 1996లో లాపోర్తా, రెమిద్ది సాధించింది ఇలాంటి సాధనాల బలంతోనే.

మధ్యలో వచ్చే పొంగు

ఇక్కడ కాసేపు ఆగి, యంత్రం ఎక్కడ ఉక్కిరిబిక్కిరైందో చూడాలి. భిన్నాన్ని కనిష్ఠ రూపానికి తేవాలంటే లవానికీ హారానికీ గరిష్ఠ సామాన్య భాజకం, అంటే బడిలో మనం గ.సా.భా. అనేది, కనుక్కోవాలి. సంఖ్యలకైనా బహుపదులకైనా పద్ధతి యూక్లిడ్ నాటిదే: పెద్దదాన్ని చిన్నదానితో భాగించు, శేషంతో మళ్లీ భాగించు, శేషం మిగలనిదాకా సాగించు. ఆర్యభటుడి కుట్టకంలోనూ ఇదే పరస్పర భాగహారం.

డొనాల్డ్ నూత్ 1969లో వెలువరించిన తన సంపుటిలో రెండు బహుపదులను ఉదాహరణగా ఇచ్చాడు. ఒకటి య⁸ + య⁶ − 3య⁴ − 3య³ + 8య² + 2య − 5. రెండోది 3య⁶ + 5య⁴ − 4య² − 9య + 21. గుణకాలన్నీ చిన్నవే. అతి పెద్దది 21. భిన్నాలు రాకుండా గుణించుకుంటూ యూక్లిడ్ పద్ధతిని నడిపితే మొదటి శేషం −15య⁴ + 3య² − 9. బాగానే ఉంది. తరువాతి శేషంలో గుణకాలు 15795, 30375, −59535. ఆ తరువాతి దానిలో పదహారేసి అంకెల గుణకాలు. చివరికి మిగిలేది ఒకే ఒక సంఖ్య: 12593338795500743100931141992187500. ముప్పై అయిదు అంకెలు. దాని అర్థం మాత్రం ఇంతే: ఈ రెండిటికీ ఉమ్మడి కారణాంకం లేదు, గ.సా.భా. 1.

ప్రశ్న చిన్నది, జవాబు ఇంకా చిన్నది, మధ్యలో మాత్రం కాగే పాలలా పొంగి గిన్నె దాటిపోతుంది. ఆనాటి యంత్రాల జ్ఞాపకం చాలా చిన్నది. పొంగితే పని ఆగిపోయేది. ఎన్నో లెక్కలు జవాబు దగ్గరికి రాకుండానే ఇలా మధ్యలో ఆగిపోయాయి. సూక్ష్మీకరణ అంటే చివర్లో చేసే అలంకారం కాదని, అడుగడుగునా చేయకపోతే లెక్క సాగనే సాగదని ఈ పొంగు నేర్పింది.

జార్జ్ కాలిన్స్ 1967లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి శేషంలోనూ ఏ సంఖ్య తప్పనిసరిగా కలిసి వస్తుందో ముందే తెలుసుకుని దానితో భాగించేస్తూ పోవడం. ఈ పద్ధతిని మెరుగుపరిచాక, పై ఉదాహరణలో చివరి సంఖ్య 260708 దగ్గర ఆగుతుంది. ముప్పై అయిదు అంకెలు ఆరు అంకెలయ్యాయి. కాలిన్స్, బెల్ ల్యాబ్స్‌లోని బ్రౌన్ అక్కడితో ఆగలేదు. పూర్తి సంఖ్యలను వదిలేసి ఒక ప్రధాన సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషాలతోనే లెక్క నడపమన్నారు. 13 ఎంచుకున్నాం అనుకోండి. ఇక ఏ గుణకమూ 12 దాటదు. పొంగడానికి తావే లేదు. 13 శేషాల్లో ఈ రెండు బహుపదులకూ ఉమ్మడి కారణాంకం లేదని తేలుతుంది. మొదటి గుణకాలను 13 భాగించదు కాబట్టి అసలు బహుపదులకూ ఉమ్మడి కారణాంకం లేనట్టే. గ.సా.భా. 1 కానప్పుడు కొన్ని ప్రధాన సంఖ్యలతో విడివిడిగా లెక్కకట్టి, వచ్చిన శేషాలను ముడివేసి అసలు గుణకాలను రాబడతారు. ఫలానా సంఖ్యలతో భాగిస్తే ఫలానా శేషాలు వస్తాయి, ఆ రాశి ఏది అన్న ప్రశ్న కుట్టకం నాడు మన గణితులు సాధించినదే. పదిహేను వందల ఏళ్ల నాటి ఆలోచన సిలికాన్ యుగంలో అక్కరకు వచ్చింది.

ఐదు శిబిరాలు

1960ల చివరికి డజన్లకొద్దీ బీజగణిత ప్రోగ్రాంలు తయారయ్యాయి. ఒకే ప్రశ్నకు ఒక్కొక్కటి ఒక్కో రూపంలో జవాబు ఇచ్చేది. ఏది సరళం అన్న దాని మీద వాటిని రాసినవాళ్ల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఈ గందరగోళానికి ఒక పటం గీసినవాడు జోయెల్ మోజెస్. 1941లో పాలస్తీనాలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికాకు వలస వచ్చి, మిన్‌స్కీ దగ్గర సమాకలనం మీద 1967లో డాక్టరేట్ చేసి, తరువాతి రోజుల్లో ఎం.ఐ.టి. ప్రోవోస్ట్ పదవి దాకా ఎదిగిన మనిషి. పన్నెండో శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమోనిడిస్ గ్రంథం పేరును అరువు తెచ్చుకుని, 1971లో బీజగణిత సూక్ష్మీకరణ మీద, దారి తోచనివారికి మార్గదర్శిగా ఒక వ్యాసం రాశాడు. అప్పటి అమెరికా రాజకీయాల నుంచి పేర్లు తీసుకుని ప్రోగ్రాంలను ఐదు శిబిరాలుగా విడదీశాడు.

మొదటివారు అతివాదులు. ఏ సమాసం వచ్చినా దాని అసలు రూపాన్ని చెరిపేసి ఒకే మూసలోకి మార్చేస్తారు, సాధారణంగా పూర్తిగా విస్తరించిన బహుపదిగా. దీనివల్ల గొప్ప లాభం ఒకటుంది. సమానమైన రెండు సమాసాలు మూసలో పడ్డాక అచ్చం ఒకేలా ఉంటాయి. (య + 1)² − య² − 2య − 1 అని ఇస్తే క్షణంలో సున్నా అంటుంది. నష్టమూ ఉంది. (య + 1)¹⁰⁰ అని ఒక్క ముక్క ఇస్తే 101 పదాలు కక్కుతుంది. (య¹⁰⁰ − 1)/(య − 1) అనే చిన్న భిన్నాన్ని కొట్టివేసి ‘కనిష్ఠ రూపం’ అంటూ 100 పదాలు చేతిలో పెడుతుంది. రెండోవారు కొత్త వామపక్షం. అతివాదుల బాటలోనే నడుస్తూ, ఘాతాలూ త్రికోణమితి ప్రమేయాలూ కలిసిన మరింత పెద్ద కుటుంబాన్ని భరించే వీలు చేసుకున్నవారు. మూడోవారు ఉదారవాదులు. కాగితం మీద మనిషి రాసుకున్న రూపాన్ని వీలైనంత వరకు గౌరవిస్తారు. సున్నాతో గుణించినవి తీసేయడం, సజాతి పదాలు కలపడం లాంటి మర్యాదలు మాత్రం చేస్తారు. వీరి జవాబు చూడడానికి హాయిగా ఉంటుంది, కానీ సున్నాను ఎదురుగా పెట్టినా ఒక్కోసారి పోల్చుకోలేరు. నాలుగోవారు సంప్రదాయవాదులు. అన్ని సందర్భాలకూ పనికొచ్చే నియమాలంటూ లేవు, కాబట్టి ఏ నియమం ఎప్పుడు వాడాలో వాడుకరే చెప్పుకోవాలి అంటారు. ఐదోవారిని ఆయన కాథలిక్‌లు అన్నాడు. అన్ని పద్ధతులనూ కలుపుకుపోయేవారని భావం. ఒకే ప్రోగ్రాంలో పలు రూపాలు ఉంచి, అవసరాన్ని బట్టి ఒకదాని నుంచి మరొకదానికి మారుతారు.

ఏ శిబిరమూ తెలివితక్కువది కాదని ఆ పటం చూస్తే అర్థమవుతుంది. ప్రతిదీ ఒక అవసరానికి సరైన జవాబు. రెండు సమాసాలు సమానమా అని అడిగితే అతివాదే దిక్కు. మనిషి చదువుకోవాలంటే ఉదారవాది కావాలి. 1/(య² − 1)ను సమాకలనం చేయాలంటే దాన్ని ½·[1/(య − 1) − 1/(య + 1)] అని ఇంకా పొడుగు చేసుకోవాలి. అక్కడ పొడుగైనదే పనికొచ్చేది. మోజెస్, విలియం మార్టిన్, కార్ల్ ఎంగెల్‌మన్ కలిసి 1968లో తలపెట్టిన ‘మ్యాక్‌సైమా’ అందుకే ఐదో దారి పట్టింది. ఆ తరువాత నిలబడిన పెద్ద ప్రోగ్రాంలు చాలావరకు ఆ దారినే నడిచాయి.

దాటరాని హద్దు

ఒకే మూస చాలా పెద్ద జవాబులు ఇస్తే ఇవ్వనీ, అన్ని రకాల సమాసాలకూ పనికొచ్చే మూస ఒకటి దొరికితే కనీసం ‘ఇది సున్నా అవునా కాదా’ అన్న ప్రశ్నకైనా జవాబు తేలుతుంది కదా? బహుపదులకు అలాంటి మూస ఉంది. అన్ని సమాసాలకూ ఉండాలని ఆశపడ్డవాళ్ల ఆశ 1968లో పోయింది. డేనియల్ రిచర్డ్‌సన్ ఒక సిద్ధాంతం ప్రచురించాడు. అకరణీయ సంఖ్యలు, పై, 2 యొక్క లాగరిథమ్, చరరాశి య, వీటికి కూడిక, గుణకారం, సైన్, ఘాతీయ ప్రమేయం, పరమ మూల్యం జోడించి కట్టగల సమాసాలను తీసుకోండి. అన్నీ ఇంటర్ పాఠ్యపుస్తకంలో ఉన్నవే. వీటిలో ఏదైనా ఒక సమాసం య విలువ ఏదైనా సరే సున్నాయే అవుతుందో లేదో ప్రతిసారీ తప్పకుండా చెప్పగల పద్ధతి లేదు. ఇంకా కనిపెట్టలేదని కాదు, ఉండడానికే వీల్లేదు. 1936లో అలన్ ట్యూరింగ్ యంత్రాలకు గీసిన హద్దు ఇదే వంశానిది. ఈ ధారావాహికలో దాన్ని ముందే చూశాం.

ఈ ఫలితం చదివి ఎవరూ పని మానేయలేదు. అది నాకు ఈ కథలో బాగా నచ్చే ఘట్టం. పూర్తి భరోసా దొరకదని తెలిశాక, ఎక్కడ ఎంత భరోసా దొరుకుతుందో వెతకడం మొదలైంది. బాబీ కావినెస్ 1970లో ఏయే సమాస కుటుంబాలకు నిర్ణయ పద్ధతి ఉందో వేరుచేసి చూపాడు. 1971లో మార్టిన్, రెండు సమాసాల తేడాలో చరరాశులకు విలువలు పెట్టి, పరిమిత అంకగణితంలో, అంటే పైన చూసిన శేషాల లెక్కలో, విలువ కట్టి చూడమన్నాడు. జవాబు సున్నా కాకపోతే రెండూ సమానం కావని నిశ్చయం. సున్నా వస్తే అనుమానం మిగులుతుంది. ఆ అనుమానాన్ని కొలిచినవాళ్లు 1979, 1980లలో రిచర్డ్ జిప్పెల్, జాక్ ష్వార్జ్. వందో ఘాతం బహుపదిలో, పది లక్షల సంఖ్యల నుంచి యాదృచ్ఛికంగా ఒకటి తీసి పెడితే, సున్నా కానిది సున్నాలా కనిపించి మోసం చేసే అవకాశం పదివేలలో ఒకటికి మించదు. విడిగా ఇంకోసారి చేస్తే పది కోట్లలో ఒకటి.

ఈ దారి మన దేశం గుండానూ వెళ్లింది. ‘న’ అనేది ప్రధాన సంఖ్య అయితే, అయితేనే, (య + 1)ను న సార్లు గుణించినా, యను న సార్లు గుణించి 1 కలిపినా, గుణకాలను నతో భాగించగా మిగిలే శేషాలు ఒకటే అవుతాయి. అంటే ప్రధాన సంఖ్యను గుర్తించడం కూడా రెండు బహుపదులు సమానమా అని అడగడమే. కాన్పూర్ ఐ.ఐ.టి.లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా 2002లో ఈ పోలికను విస్తరించకుండా, యాదృచ్ఛికతను నమ్ముకోకుండా, నిశ్చయంగా, వేగంగా చేసే పద్ధతి చూపి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు.

బల్ల మీదికి, చేతిలోకి

మిగతా కథ వేగంగా చెప్పుకోవచ్చు. మ్యాక్‌సైమాను 1970లలో అర్పానెట్ అనే కంప్యూటర్ల వల ద్వారా దూరాన ఉన్న శాస్త్రవేత్తలూ వాడుకున్నారు. 1982లో ఎం.ఐ.టి. దాన్ని ఒక వాణిజ్య సంస్థకు ఇచ్చింది. ఇంకో ప్రతి అమెరికా ఇంధన శాఖ దగ్గర ఉండిపోయింది. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో విలియం షెల్టర్ ఆ ప్రతిని ఏళ్ల తరబడి ఒంటరిగా సాకాడు. 1998లో దాన్ని అందరికీ స్వేచ్ఛగా పంచే అనుమతి సంపాదించి, 2001లో కన్నుమూశాడు. ఈనాడు ఎవరైనా ఉచితంగా తెచ్చుకోగల ‘మ్యాక్సిమా’ ఆయన చలవే. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో 1980లో కీత్ గెడ్డెస్, గాస్టన్ గోనే ‘మేపుల్’ మొదలుపెట్టారు. ఒకే ఉపసమాసం పది చోట్ల వచ్చినా జ్ఞాపకంలో ఒక్కసారే నిలవ చేసే పొదుపు వల్ల అది చిన్న యంత్రాల మీదా నడిచింది. హవాయిలో డేవిడ్ స్టౌట్‌మయర్, ఆల్బర్ట్ రిచ్ సొంత కంప్యూటర్లకూ, తరువాత కాలిక్యులేటర్లకూ సరిపోయేంత చిన్నగా బీజగణితాన్ని కుదించారు. 1988లో స్టీఫెన్ వోల్ఫ్రమ్ ‘మ్యాథమాటికా’ వచ్చింది. 2005లో చెక్ దేశపు ఒండ్రెయ్ చెర్తీక్ ‘సింపై’ ప్రారంభించాడు. పైథాన్ భాషలో ఉన్న ఆ ఉచిత ప్రోగ్రాంను మన ఇంజనీరింగ్ విద్యార్థులు వాడుతున్నారు, మన దేశపు విద్యార్థులు ఎందరో దాని నిర్మాణంలో చేయి కలిపారు కూడా.

ఇంత ఎదిగాక కూడా √(య²) అని ఇస్తే ఏమనాలి? య అనేస్తే చూడముచ్చటగా ఉంటుంది. కానీ య విలువ −3 అయితే √9 = 3 కాబట్టి అది తప్పు. వాస్తవ సంఖ్యలైతే పరమ మూల్యం అనాలి. సంకీర్ణ సంఖ్యలైతే అదీ కుదరదు. ఇలాంటి చోట్ల ప్రోగ్రాంలు చేసే తప్పులను స్టౌట్‌మయర్ 1991లో అమెరికా గణిత సంఘం పత్రికలో ఏకరువు పెట్టాడు. తను పెంచిన రంగం గురించే అంత నిక్కచ్చిగా రాయడం ఆయన పెద్దరికం. సింపై ఈ సందర్భంలో సమాసాన్ని ముట్టుకోదు. య ధనాత్మకమని మీరు ముందే చెబితేనే య అంటుంది.

అదే సింపైలో ‘సింప్లిఫై’ అనే ఆదేశం ఎలా పనిచేస్తుందో దాని పుస్తకంలోనే రాసి ఉంది. తనకు తెలిసిన ఎన్నో పద్ధతులను వరుసగా ప్రయోగించి చూస్తుంది, వచ్చిన వాటిలో కూడికలు, గుణకారాల వంటి క్రియలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది, తక్కువ ఉన్నదాన్ని ఇస్తుంది. ఫలితం ఇచ్చిన దానికి 1.7 రెట్లు దాటితే ఇచ్చినదే తిరిగి ఇచ్చేస్తుంది. ఆ 1.7 ఏ సిద్ధాంతం నుంచీ రాలేదు, అనుభవంతో ఎంచుకున్నది. వాడుకరి దాన్ని మార్చుకోవచ్చు, క్రియలను లెక్కపెట్టే కొలమానాన్నే తీసేసి తన కొలమానం పెట్టుకోవచ్చు.

దేని కోసం అని అడగడం

దెలోనే నుంచి సింపై దాకా నడిచిన ఈ చరిత్ర మన తరగతి గదులకు ఒక మాట చెబుతోందని నేను గట్టిగా నమ్ముతాను. సరళత సమాసంలో ఉండదు, దానితో మనం చేయబోయే పనిలో ఉంటుంది. మూలాలు కావాలంటే కారణాంకాలుగా విడగొట్టినదే సరళం. రెండు బహుపదులను పోల్చాలంటే విస్తరించినది సరళం. సమాకలనానికి పాక్షిక భిన్నాలు, చిత్రం గీయడానికి ఇంకొకటి. యాభై ఏళ్లు ప్రపంచంలోని మేధావులు ఒకే సరళ రూపం కోసం వెతికి, అన్ని సమాసాలకూ అది సాధ్యం కాదని రుజువు చేసి, చివరికి ఆ ఎంపికను వాడుకరి చేతికే అప్పగించారు.

మన పిల్లలకు మాత్రం ‘సూక్ష్మీకరించుము’ అని ఒక్క ముక్క ఇచ్చి, జవాబుల పట్టికలో ఉన్న రూపం రాకపోతే మార్కులు కోస్తున్నాం. ఫోన్‌లోని ఉచిత ప్రోగ్రాం ఆ జవాబును రెప్పపాటులో ఇస్తున్న రోజుల్లో, జవాబు ఒక్కదానినే అడగడం పిల్లల సమయం వృథా చేయడమే. ఈ రెండు రూపాలూ సమానమేనా, ఎలా తెలుసు, య ఏ విలువ దగ్గర ఆ సమానత్వం చెడుతుంది, ఫలానా పనికి ఏ రూపం కావాలి, ఈ నాలుగు ప్రశ్నలు అడుగుదాం. యంత్రం వాటికి తనంత తానుగా జవాబు చెప్పదు. చెప్పగలిగే పిల్లవాడు యంత్రాన్ని వాడుకుంటాడు, దాని తప్పు పట్టుకోగలుగుతాడు. బీజగణితం నేర్పడంలో అసలు ఉద్దేశం కూడా అదే.

వచ్చే భాగంలో సమాకలనం కథ. ఒక ప్రమేయానికి సమాకలని మనకు తెలిసిన ప్రమేయాల్లో ఉందో లేదో చెప్పే పద్ధతిని 1830లలో లివూవిల్ ఎక్కడ వదిలిపెట్టాడు, 1968 నుంచి రాబర్ట్ రిష్ దాన్ని ఎలా అందుకున్నాడు, దాన్ని పూర్తిగా ప్రోగ్రాంలోకి ఎక్కించడం ఎందుకంత కష్టమైందో చూద్దాం.